అరచేతి బోర్డు మీద గేమ్ సర్వర్: సీమ ఎండలో, కరెంటు కోతల్లో ఎంతవరకు నడుస్తుంది?

క్లుప్తంగా: ఐదారుగురు స్నేహితులు కలిసి ఆడుకునే మైన్‌క్రాఫ్ట్, లువాంటీ లాంటి గేమ్‌లకు రాస్ప్‌బెర్రీ పై 5 లాంటి చిన్న బోర్డు, అంటే ఒకే సర్క్యూట్ బోర్డు మీద ఉండే బుల్లి కంప్యూటర్, సరిపోతుంది. ఇబ్బంది ఎక్కువగా చిప్ దగ్గర రాదు. వేసవిలో గది వేడి దగ్గర, చెప్పాపెట్టకుండా పోయే కరెంటు దగ్గర, ఇంటి ఫైబర్ కనెక్షన్‌కు సొంత పబ్లిక్ అడ్రస్ లేకపోవడం దగ్గర వస్తుంది. మూడింటికీ దారులున్నాయి, కానీ బోర్డు ధర ఒక్కటే చూసుకుని దిగితే లెక్క తప్పుతుంది.

పరీక్షలు అయిపోయి సెలవులు మొదలయ్యాయంటే ఈ ప్రశ్న మళ్లీ బయటికి వస్తుంది. కర్నూలు కల్లూరులో ఒకడు, బి.క్యాంపులో ఇంకొకడు, నంద్యాలలో ఒకడు, బెంగళూరు హాస్టల్లో మరొకడు. నలుగురూ ఒకే వరల్డ్‌లో ఆడాలి, ఎవడి సిస్టమ్ ఆన్‌లో ఉందో కనుక్కోకుండా ఎవరికి వీలైనప్పుడు వాళ్లు లోపలికి వెళ్లిపోవాలి. అంటే ఇరవై నాలుగు గంటలూ నడిచే సర్వర్ ఒకటి కావాలి. నెలనెలా అద్దె కట్టే బదులు ఇంట్లోనే, రూటర్ పక్కన అరచేతిలో పట్టే బోర్డు ఒకటి పెట్టేస్తే సరిపోదా? వీడియోల్లో చూస్తే పది నిమిషాల పనిలా కనిపిస్తుంది. పెట్టి చూసినవాళ్లలో మాత్రం కొందరు బ్రహ్మాండంగా ఉందంటారు, కొందరు రెండు వారాలకే మూలన పడేశామంటారు. ఇద్దరి మాటా నిజమే. బోర్డు ఒకటే, దాని చుట్టూ ఉన్న గది, కరెంటు, కనెక్షన్ వేరు.

సొంత సర్వర్ ఆలోచన ఊరికే రాలేదు. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్ మీద నిషేధం పడింది. దాని బదులు వచ్చిన బీజీఎంఐ 2022 జులైలో యాప్ స్టోర్ల నుంచి మాయమై, 2023 మేలో మళ్లీ వచ్చింది. ఆట మొత్తం కంపెనీ సర్వర్ల మీద ఉన్నప్పుడు అది ఎప్పుడు ఆగుతుందో, ఎప్పుడు వస్తుందో ఆడేవాళ్ల చేతిలో ఉండదని అప్పుడు అందరికీ అర్థమైంది.

ఏ గేమ్‌కు కుదురుతుంది

ముందే తేల్చుకోవాల్సింది ఇది. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ లాంటి వాటికి సొంత సర్వర్ పెట్టడం అనే మాటే లేదు, ఎందుకంటే ఆ కంపెనీలు సర్వర్ ప్రోగ్రామ్‌ను బయటికి ఇవ్వవు. గేమ్‌లో రూమ్ క్రియేట్ చేసినా అది నడిచేది వాళ్ల మెషీన్ల మీదే.

సర్వర్ ప్రోగ్రామ్ ఇచ్చే గేమ్‌లలోనూ ఇంకో గీత ఉంది. రాస్ప్‌బెర్రీ పై, ఆరెంజ్ పై లాంటి బోర్డుల్లో ఉండేది మన ఫోన్లలో ఉండే రకం ఆర్మ్ ప్రాసెసర్. డెస్క్‌టాప్‌లలో ఎక్కువగా ఉండేది ఎక్స్86. ఒకదాని కోసం తయారైన ప్రోగ్రామ్ రెండోదాని మీద నేరుగా నడవదు. వాల్‌హైమ్, ఫ్యాక్టోరియో సర్వర్లు లైనక్స్‌కు ఎక్స్86 రూపంలోనే వస్తాయి. బాక్స్64 లాంటి అనువాద ప్రోగ్రామ్ పెట్టి వాటిని ఆర్మ్ మీద తోయొచ్చు, కొందరు తోస్తున్నారు కూడా, కానీ ప్రతి సూచననూ మార్చుకుంటూ నడపాలి కాబట్టి ఉన్న కొద్ది బలంలో చాలా భాగం అక్కడే పోతుంది. ఫ్యాక్టోరియోలో అయితే సర్వర్, ఆటగాళ్లు అందరూ సెకనుకు అరవై అప్‌డేట్ల చొప్పున ఒకే అడుగులో నడవాలి, సర్వర్ వెనకబడితే అందరి ఆటా నెమ్మదిస్తుంది. ఇలాంటి వాటికి చిన్న బోర్డు కొనకపోవడమే మంచిది.

మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ సర్వర్‌కు ఈ గొడవ లేదు. జావా ప్రోగ్రామ్ కాబట్టి జావా ఎక్కడ నడిస్తే అక్కడ నడుస్తుంది. 1.20.5 వెర్షన్ నుంచి కనీసం జావా 21 కావాలి, 64 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) వేసుకుంటే చాలు. మరి మన దగ్గర ఎక్కువమంది ఆడేది ఫోన్లో ఉండే బెడ్‌రాక్ ఎడిషన్ కదా? బెడ్‌రాక్ అధికారిక సర్వర్ ఎక్స్86కే వస్తుంది, కాబట్టి ఇక్కడ దారి చుట్టు తిరుగుతుంది: బోర్డు మీద జావా సర్వర్ పెట్టి, గీజర్ అనే ప్లగిన్ (సర్వర్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్) వేస్తే ఫోన్లవాళ్లు కూడా అదే వరల్డ్‌లోకి వస్తారు, దానికి తోడుగా ఫ్లడ్‌గేట్ వేస్తే వాళ్లు విడిగా జావా ఎడిషన్ కొనక్కర్లేదు.

గేమ్ కొనే స్తోమత అందరికీ ఉండదు, ఆ సంగతి పక్కన పెట్టి మాట్లాడకూడదు. బ్లాకులతో కట్టుకునే ఆటే కావాలనుకుంటే లువాంటీ ఉంది, 2024 వరకు దాని పేరు మైన్‌టెస్ట్. ఉచితం, ఆండ్రాయిడ్‌లోనూ నడుస్తుంది, సర్వర్ చాలా తేలిక, 1 జీబీ మెమరీ ఉన్న పాత రాస్ప్‌బెర్రీ పై 3 మీద కూడా నలుగురు ఆడుకోవచ్చు. ఓపెన్‌టీటీడీ, మిండస్ట్రీ, సోర్స్ కోడ్ 2005లోనే విడుదలైన క్వేక్ 3 లాంటి వాటికీ ఈ బోర్డులు బాగా సరిపోతాయి.

బోర్డు అలసిపోయేది ఎక్కడ

మైన్‌క్రాఫ్ట్ సర్వర్ సెకనుకు 20 సార్లు ప్రపంచాన్నంతా ఒకసారి తిరిగి లెక్కగడుతుంది. ఒక్కో విడతను టిక్ అంటారు, ఒక్కో టిక్‌కు దొరికే సమయం 50 మిల్లీసెకన్లు. ఆవులు ఎటు కదలాలి, నీళ్లు ఎటు పారాలి, రెడ్‌స్టోన్ ఎక్కడ వెలగాలి, అంతా ఆ 50లో అయిపోవాలి. అయిపోతే ఆట సాఫీగా ఉంటుంది. 70 పట్టిందంటే టిక్‌లు సెకనుకు 14కు పడిపోతాయి, పగలగొట్టిన బ్లాకు మళ్లీ ప్రత్యక్షమవుతుంది, జాంబీ ఉన్నచోటు నుంచి ఉలిక్కిపడ్డట్టు దూకుతుంది. ఇదే ల్యాగ్. దీన్ని నెట్ స్లో అనుకుని ప్లాన్ మార్చేవాళ్లు చాలామంది ఉన్నారు, తప్పు నెట్‌ది కాకపోవచ్చు.

ఈ లెక్కలో పెద్ద భాగం ప్రాసెసర్‌లోని ఒకే కోర్ (విడిగా పని చేయగల భాగం) మీద నడుస్తుంది. బోర్డులో నాలుగు కోర్లున్నాయన్నది ఇక్కడ పెద్దగా ఆదుకోదు, ఒక్కో కోర్ ఎంత వేగం అన్నదే ముఖ్యం. 2019లో వచ్చిన పై 4లో 1.5 గిగాహెర్ట్జ్ కార్టెక్స్ ఏ72 కోర్లు, 2023లో వచ్చిన పై 5లో 2.4 గిగాహెర్ట్జ్ ఏ76 కోర్లు. కాగితం మీద తేడా చిన్నగా కనిపించినా ఆటలో స్పష్టంగా తెలుస్తుంది. పై 4 మీద ఇద్దరు ముగ్గురు దాటితే జాగ్రత్తగా ఉండాలి, పై 5 మీద ఐదారుగురు తీరిగ్గా ఆడతారు.

టిక్ కంటే బరువైన పని ఇంకోటుంది: కొత్త భూమి పుట్టించడం. మైన్‌క్రాఫ్ట్ ప్రపంచం ముందే తయారై ఉండదు, ఆటగాడు నడిచిన కొద్దీ చంక్‌లుగా తయారవుతుంది. 16 బ్లాకుల పొడవు, 16 వెడల్పు, 384 ఎత్తు. అంటే ఒక్క చంక్‌లో 98 వేల పైచిలుకు బ్లాకుల స్థానాలు. వ్యూ డిస్టెన్స్ మామూలుగా 10 ఉంటుంది, అంటే ఆటగాడి చుట్టూ 21 వరుసలు, ఒక్కో వరుసలో 21 చంక్‌లు, మొత్తం 441. దాన్ని 6కు తగ్గిస్తే 169 అవుతుంది. సెట్టింగ్స్ ఫైల్లో ఒక్క అంకె మార్చినందుకు పని సగానికి పైగా తగ్గిపోతుంది, ఆడేవాళ్లలో చాలామందికి తేడా కూడా తెలియదు.

ఎలిట్రా రెక్కలు కట్టుకుని రాకెట్లు పేల్చుకుంటూ ఎగిరేవాడు సెకనుకు 30కి పైగా బ్లాకులు దాటేస్తాడు. రెండు చంక్‌ల దూరం అనుకోండి, వెడల్పు 21, అంటే సెకనుకు 42 కొత్త చంక్‌లు కావాలి. నాలుగు కోర్లూ దానికే అంటుకున్నా చిన్న బోర్డు అందుకోవడం కష్టం, ఆ సమయంలో మిగతావాళ్ల ఆట కూడా కుంటుతుంది. ఒక్కడి సరదా వల్ల ఐదుగురికి ల్యాగ్ వచ్చేది ఇలాగే. దీనికి విరుగుడు తేలికే. వరల్డ్ మధ్య నుంచి నాలుగు వైపులా 2000 బ్లాకుల వరకు భూమిని చంకీ అనే ప్లగిన్‌తో ముందే పుట్టించి, ఆ బయటికి వెళ్లకుండా సరిహద్దు పెట్టాలి. మొత్తం 62,500 చంక్‌లు. సెకనుకు పది చొప్పున తయారైనా రెండు గంటల్లోపు అయిపోతుంది, తర్వాత ఆటలో ఉన్నదాన్ని చదివి పంపడమే.

మెమరీ విషయంలో ఎక్కువ ఇస్తే ఎక్కువ వేగం అనుకోవడం పొరపాటు. 8 జీబీ బోర్డులో జావాకు 4 జీబీ ఇచ్చి మిగతాది ఓఎస్‌కు వదిలేస్తే అది డిస్క్ ఫైళ్లను దాచుకోవడానికి వాడుకుంటుంది. డెస్క్‌టాప్ లేని లైట్ ఓఎస్, మామూలు సర్వర్ బదులు పేపర్ అనే సర్వర్ వాడితే అదే బోర్డు ఇంకా తేలిగ్గా నడుస్తుంది.

రాత్రి తొమ్మిది, మిద్దె వేడి

వీడియోలు చేసేవాళ్లలో చాలామంది ఉండేది చల్లటి దేశాల్లో. వాళ్ల గది 22 డిగ్రీలు. కర్నూలులో మే నెల మధ్యాహ్నం బయట 42, 43 మామూలే, పై అంతస్తు గదిలో ఏసీ లేకపోతే రాత్రి కూడా ముప్పై అయిదుకు దిగదు. బోర్డుకు ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, చిప్ తన వేడిని గాలికే వదలాలి. పని చేస్తున్నప్పుడు అది గది కంటే ఒక 40 డిగ్రీలు పైన నిలబడుతుందనుకుంటే, 28 డిగ్రీల గదిలో 68 దగ్గర ఆగుతుంది, 40 డిగ్రీల గదిలో 80కి చేరుతుంది. రాస్ప్‌బెర్రీ పై చిప్ సరిగ్గా ఆ 80 దగ్గరే తన వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది, 85 దగ్గర ఇంకా గట్టిగా తగ్గించుకుంటుంది. పాడవకుండా కాపాడుకోవడానికి అది చేసే పని అది. కానీ 50 మిల్లీసెకన్లలో అయ్యే టిక్ అప్పుడు 80, 90 పడుతుంది. జనవరిలో బాగా నడిచిన సర్వర్ ఏప్రిల్‌లో ఎందుకు నత్తనడక నడుస్తోందో తెలియక సాఫ్ట్‌వేర్ మొత్తం మళ్లీ వేసుకునేవాళ్లున్నారు.

సమయం కూడా ప్రతికూలంగానే ఉంటుంది. మిద్దె ఇంటి స్లాబు పగలంతా ఎండ తాగి, చీకటి పడ్డాక ఆ వేడిని గదిలోకి వదులుతుంది. అందరూ భోజనాలు చేసి ఆటలో కూర్చునే ఎనిమిది నుంచి పదకొండు, సరిగ్గా అదే వేళ. రూటర్ గోడకు పైన కొట్టి ఉంటుంది కాబట్టి బోర్డును కూడా అక్కడే, బీరువా మీద పెడతారు. గదిలో అన్నిటికంటే వేడి గాలి ఉండేది ఆ పైనే. అదే బోర్డును కాస్త పొడవైన కేబుల్‌తో కిందికి దించి, గోడలో కడప బండ అల్మారా ఉంటే దాని కింది అరలో, అడుగున గాలి ఆడేలా రెండు బిళ్లల మీద నిలబెడితే ఒక్క రూపాయి ఖర్చు లేకుండా కొన్ని డిగ్రీలు తగ్గుతాయి.

పై 5కు అల్యూమినియం హీట్‌సింకు, చిన్న ఫ్యాన్ కలిసి ఉండే అధికారిక కూలర్ ఉంది. మన వేసవిలో అది తప్పనిసరి అనుకోవడమే మేలు. చిప్ 50 డిగ్రీల లోపు ఉంటే ఆ ఫ్యాన్ తిరగదు, వేడెక్కే కొద్దీ మెట్లుమెట్లుగా వేగం పెంచుకుని 75 దగ్గర పూర్తి వేగానికి వెళ్తుంది. ఇక్కడి మేలో అది ఆగకుండా తిరుగుతూనే ఉంటుందని అనుకోవాలి. అలా తిరిగే ఫ్యాన్ దుమ్ము కూడా లాగుతుంది. అనంతపురం గాలి దుమ్ము సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు, రెండు నెలలకే హీట్‌సింకు పళ్ల మధ్య బూడిదరంగు పొర పేరుకుంటుంది, మెత్తటి బ్రష్‌తో దులపాలి. మూతలన్నీ బిగించిన అందమైన ప్లాస్టిక్ డబ్బాలు మాత్రం ఇక్కడి వాతావరణానికి పనికిరావు.

కరెంటు పోయినప్పుడు లోపల జరిగేది

సర్వర్ మార్పులన్నిటినీ అప్పటికప్పుడు డిస్క్ మీద రాయదు. సుమారు ఐదు నిమిషాలకోసారి సేవ్ చేస్తుంది, ఆ రాతను కూడా లైనక్స్ కాసేపు మెమరీలోనే ఉంచుకుని తర్వాత కార్డుకు పంపుతుంది. మధ్యలో కరెంటు పోతే చివరి ఐదు నిమిషాల ఆట పోతుంది, అది చిన్న నష్టం. సగం రాసి ఆగిపోయిన ఫైలే పెద్ద నష్టం. ఒక్కో రీజియన్ ఫైల్లో 32 వరుసల్లో 32 చొప్పున 1024 చంక్‌లు ఉంటాయి. అందులో ఒక చంక్ చెడిందని తేలితే సర్వర్ దాన్ని వదిలేసి ఆ చోట కొత్త భూమి పుట్టిస్తుంది. నెల రోజులు కష్టపడి కట్టిన ఇంటి మధ్యలో, స్కేలు పెట్టి కోసినట్టు 16 బ్లాకుల చదరం మేర గోడలు, పెట్టెలు, పొలం మాయమై అక్కడ గడ్డి గుట్ట లేస్తుంది. చూసిన పిల్లలు ఎవడో హ్యాక్ చేశాడని గొడవపడతారు. చేసింది కరెంటు కోత.

మెమరీ కార్డు మీద నడిపితే ఈ ప్రమాదం రెట్టింపు. చిన్నచిన్న రాతలు పదేపదే రాయడానికి కార్డులు తయారవ్వలేదు, నెమ్మదిగా రాస్తాయి, త్వరగా అరుగుతాయి. పై 5కు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ తగిలించే పీసీఐఈ కనెక్టర్ ఉంది, పై 4కైనా యూఎస్‌బీ 3 ద్వారా ఎస్‌ఎస్‌డీ పెట్టొచ్చు. కార్డు బదులు ఎస్‌ఎస్‌డీ అన్నది పైసా ఎక్కువైనా వెనకాడకూడని చోటు.

చార్జర్ దగ్గర ఒక మెలిక ఉంది. పై 5 అడిగేది 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు. 65 వాట్ల ఫోన్ చార్జర్ ఉంది కదా అని తగిలిస్తే అది ఆ బలమంతా 9, 11, 20 వోల్టుల దగ్గర ఇస్తుంది, 5 వోల్టుల దగ్గర చాలావరకు 3 ఆంపియర్లకే ఆగుతుంది. బోర్డు ఆన్ అవుతుంది, కానీ యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి ఇచ్చే కరెంటును 1.6 ఆంపియర్ల నుంచి 0.6కు కోసేస్తుంది. అప్పుడు ఎస్‌ఎస్‌డీ మధ్యమధ్యలో డిస్‌కనెక్ట్ అవుతుంది, ఫైళ్లు చెడతాయి, నేరం ఎస్‌ఎస్‌డీ మీద పడుతుంది. అసలు అడాప్టర్ కొనడం ఇక్కడ పొదుపే.

చాలా ఇళ్లలో ఇన్వర్టర్ ఉంటుంది. దాని వెనకాల యూపీఎస్ మోడ్, మామూలు మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది, మామూలు మోడ్‌లో కరెంటు మారేటప్పుడు పట్టే క్షణం ఎక్కువ కాబట్టి ఫ్యాన్లకు పర్వాలేదు గానీ బోర్డు రీస్టార్ట్ అయిపోవచ్చు. ఆ స్విచ్‌ను యూపీఎస్ వైపు తిప్పితే సగం టెన్షన్ తీరుతుంది. ఇన్వర్టర్ లేని ఇంట్లో రూటర్ కోసం అమ్మే 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు ఉన్నాయి. బోర్డు ఒక్కటే బతికి ఉంటే లాభం లేదు, రూటర్, ఫైబర్ డబ్బా, బోర్డు మూడూ వెలుగుతూ ఉండాలి. మూడూ వెలుగుతున్నా వీధి చివర ఆపరేటర్ పెట్టెకు బ్యాకప్ లేకపోతే నెట్ పోతుంది. అయినా వరల్డ్ మాత్రం చెడదు, ముఖ్యం అదే.

బయటివాళ్లకు తలుపు ఎందుకు తెరుచుకోదు

ఇంట్లో వైఫై మీద అన్నీ బాగా నడుస్తాయి. నంద్యాల నుంచి స్నేహితుడు జాయిన్ అవ్వబోతే కనెక్షన్ టైమ్డ్ అవుట్. రూటర్‌లో 25565 పోర్ట్ ఫార్వర్డ్ చేశారు (మైన్‌క్రాఫ్ట్ కోసం వచ్చేవాళ్లను బోర్డు వైపు పంపమని చెప్పే సెట్టింగ్), ఫైర్‌వాల్ చూశారు, అయినా అంతే. సీమలో ఈ ప్రయత్నాలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

కారణం పాతది. ఐపీవీ4 అడ్రస్‌లు, అంటే ఇంటర్నెట్‌లో పరికరాలను గుర్తించే పాత తరహా నంబర్లు, ప్రపంచం మొత్తానికి దాదాపు 430 కోట్లే. ఆసియా ప్రాంతానికి కొత్తగా పంచే నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది. మన దగ్గర ఇంటింటికీ ఫైబర్ వచ్చింది దాని తర్వాత. అందుకని ఆపరేటర్లు వందల ఇళ్లను కలిపి ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక ఉంచుతారు, దీన్ని సీజీ నాట్ అంటారు. లోపలి నుంచి బయటికి వెళ్లే పనులు, అంటే వీడియో చూడటం, వాట్సాప్, అన్నీ మామూలుగానే జరుగుతాయి, ఎందుకంటే పిలిచింది మనమే, జవాబు ఎవరికి ఇవ్వాలో ఆపరేటర్ పరికరానికి గుర్తుంటుంది. బయటి నుంచి ఎవరో ముందుగా పిలిస్తే మాత్రం ఆ వందల ఇళ్లలో ఏ ఇంటికి పంపాలో దానికి తెలియదు. ఇంటి నంబర్ లేకుండా కాలనీ పేరు మాత్రమే రాసిన ఉత్తరం లాంటిది. ఇంట్లో రూటర్‌ను ఎంత తిప్పినా లాభం ఉండదు, ఆపింది దాని ముందున్న గేటు.

తెలుసుకోవడం తేలిక. రూటర్ పేజీలో వాన్ (WAN) అడ్రస్, అంటే ఆపరేటర్ రూటర్‌కు ఇచ్చిన అడ్రస్ చూడాలి, బ్రౌజర్‌లో నా ఐపీ ఎంత అని వెతికితే వచ్చేది చూడాలి. రెండూ ఒకటైతే అదృష్టవంతులు. రూటర్‌లోది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది సరిగ్గా ఈ పని కోసమే 2012లో పక్కన పెట్టిన వరుస. 10తో మొదలైనా సంగతి అదే.

దారులు మూడున్నాయి. ఆపరేటర్‌ను అడిగి అదనపు రుసుముతో స్టాటిక్ ఐపీ (మారని సొంత పబ్లిక్ అడ్రస్) తీసుకోవడం ఒకటి, అన్ని ప్లాన్లకూ ఇవ్వరు. కొత్త తరహా అడ్రస్‌లైన ఐపీవీ6 రెండోది: అందులో అడ్రస్‌ల కరువు లేదు కాబట్టి బోర్డుకే సొంత అడ్రస్ వస్తుంది, రూటర్ ఫైర్‌వాల్‌లో దారి వదిలితే చాలు, కాకపోతే అవతలివాళ్ల నెట్‌లోనూ ఐపీవీ6 ఉండాలి, అడ్రస్ మారినప్పుడల్లా పేరును దానికి కట్టే డైనమిక్ డీఎన్ఎస్ పెట్టుకోవాలి. మూడోది టన్నెల్. టెయిల్‌స్కేల్, జీరోటైర్ లాంటివి అందరి ఫోన్లు, కంప్యూటర్లలో వేసుకుంటే అవన్నీ ఒకే ఇంటి వైఫైలో ఉన్నట్టు ఒకదానికొకటి కనిపిస్తాయి. ఐదారుగురు తెలిసినవాళ్లయితే అన్నిటికంటే నిశ్చింతగా ఉండేది, భద్రమైనది ఇదే. యాప్ వేసుకోమంటే అందరూ వినరు అనుకుంటే ప్లేఇట్ లాంటి సేవ ఉంది, అది తన దగ్గర ఒక పబ్లిక్ అడ్రస్ ఇచ్చి వచ్చినవాళ్లను బోర్డు దగ్గరికి చేరుస్తుంది, ఆటగాళ్లు ఏమీ వేసుకోనక్కర్లేదు.

పక్క వీధి ఎంత దూరం

గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే వంద కిలోమీటర్ల దూరానికి పోయిరావడానికి ఒక మిల్లీసెకను. కల్లూరు నుంచి బి.క్యాంపుకు ఎంత, అసలు లెక్కలోకే రాదు అనిపిస్తుంది. కానీ ఆ రెండిళ్లలో ఒకటి ఒక ఆపరేటర్‌ది, రెండోది ఇంకో ఆపరేటర్‌ది అయితే, ఆ రెండు నెట్‌వర్క్‌లు చాలాసార్లు కర్నూలులో కలవవు. హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో, ఒక్కోసారి ముంబైలోనో కలుస్తాయి. పక్క వీధికి పోవాల్సిన ప్యాకెట్ అక్కడిదాకా వెళ్లి వెనక్కి వస్తుంది. అందుకే ఒకే ఊళ్లో ఉన్నా పింగ్, అంటే పోయిరావడానికి పట్టే సమయం, 25, 30 మిల్లీసెకన్లు చూపిస్తుంది.

దీని వల్ల ఒక విచిత్రమైన ఫలితం ఉంది. హైదరాబాద్‌లో ఉన్న అద్దె సర్వర్, కర్నూలు ఆటగాళ్లలో చాలామందికి పక్క వీధిలో ఉన్న బోర్డు కంటే దగ్గర కావచ్చు. హైదరాబాద్ సుమారు 215 కిలోమీటర్లు, అనంతపురానికి బెంగళూరు కూడా దాదాపు అంతే. కాబట్టి పింగ్ తగ్గుతుందని బోర్డు కొనడం సరైన కారణం కాదు. ఆదా అయ్యేది అద్దె, పైగా వరల్డ్ మన చేతిలో ఉంటుంది.

టన్నెల్ వాడేటప్పుడు ఒకటి చూసుకోవాలి. టెయిల్‌స్కేల్ వీలైనప్పుడు రెండు పరికరాలను నేరుగా కలుపుతుంది, కుదరనప్పుడు మధ్యలో రిలే మీదుగా పంపుతుంది. రిలే సింగపూర్‌లో ఉంటే చెన్నై నుంచి పోయిరావడానికే 30 మిల్లీసెకన్లకు పైన, యూరప్‌లో ఉంటే వంద దాటుతుంది. ఇళ్లు కట్టుకునే ఆటలో వంద కూడా సర్దుకుపోవచ్చు, క్వేక్ లాంటి కాల్పుల ఆటలో అరవై దాటితేనే చిరాకు మొదలవుతుంది.

తెరిచిన తలుపుకు కాపలా

పబ్లిక్ అడ్రస్ దొరికి పోర్ట్ తెరిచాక, ఎవరికీ చెప్పకపోయినా ఇంటర్నెట్ అంతా వెతికే బాట్‌లు వచ్చేస్తాయి. జావా ప్రోగ్రామ్‌లు వాడే లాగ్4జే అనే కోడ్‌లో 2021 డిసెంబరులో బయటపడ్డ లోపం గుర్తుంచుకోవాలి. మైన్‌క్రాఫ్ట్ చాట్‌లో ఒక్క లైను టైప్ చేసి అవతలి సర్వర్‌లో తమకు నచ్చిన కోడ్ నడిపించగలిగారు. పాత వెర్షన్ దొరికింది కదా అని వాడటం అందుకే ప్రమాదం.

ఒరిజినల్ కాని లాంచర్లతో ఆడే స్నేహితుల కోసం ఆన్‌లైన్ మోడ్ ఆపేసే అలవాటు ఎక్కువ. అది ఆపితే పేరు నిజంగా వాళ్లదేనా అని సర్వర్ అడగదు. అడ్మిన్ పేరు తెలిసినవాడెవడైనా ఆ పేరుతోనే వచ్చి అడ్మిన్ అయిపోతాడు, వైట్‌లిస్ట్ (లోపలికి రానిచ్చేవాళ్ల పేర్ల జాబితా) పెట్టినా అంతే, ఎందుకంటే అది చూసేది కూడా పేరునే. ఆన్‌లైన్ మోడ్ ఉంచాలి, వైట్‌లిస్ట్ పెట్టాలి. రోజుకోసారి వరల్డ్ ఫోల్డర్ కాపీ వేరే డిస్క్‌కు వెళ్లేలా చిన్న స్క్రిప్ట్ రాసుకోవాలి. అదే ఎస్‌ఎస్‌డీలో ఇంకో ఫోల్డర్‌లో పెట్టుకుంటే అది బ్యాకప్ కాదు.

బోర్డా, పాత మినీ పీసీనా

కరెంటు ఖర్చులో బోర్డును మించింది లేదు. సగటున 6 వాట్లు అనుకుంటే నెలకు 4.3 యూనిట్లు, యూనిట్ ఆరు రూపాయల లెక్కన 26 రూపాయలు. అదే పని 70 వాట్ల పాత డెస్క్‌టాప్ చేస్తే 50 యూనిట్లు, 300 రూపాయలు. పైగా ఆ 50 యూనిట్లు ఇంటి వాడకాన్ని పై శ్లాబులోకి నెట్టొచ్చు.

కొనే ధర దగ్గర మాత్రం బోర్డుకున్న పాత పేరు ఇప్పుడు లేదు. పై 5 వచ్చినప్పుడు 4 జీబీది 60 డాలర్లు, 8 జీబీది 80. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను ఎగబడి కొనడంతో 2025 చివర్లో ఆ ధరలు పెరిగాయి. దానికి అడాప్టర్, కూలర్, ఎస్‌ఎస్‌డీ, దాన్ని తగిలించే చిన్న బోర్డు అన్నీ కలిపితే, ఆఫీసులు తీసేసిన సెకండ్ హ్యాండ్ మినీ పీసీ ధరకు దగ్గరగా వస్తుంది. కర్నూలు వాళ్లు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి, అనంతపురం వాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్తే అలాంటివి వరసగా కనిపిస్తాయి. అది ఎక్స్86 కాబట్టి బెడ్‌రాక్ సర్వర్, వాల్‌హైమ్, ఫ్యాక్టోరియో అన్నీ నేరుగా నడుస్తాయి, ఖాళీగా ఉన్నప్పుడు 10, 15 వాట్లే తింటుంది. ఇప్పటికే ఇంట్లో బోర్డు ఉంటే వాడుకోవడం తెలివైన పని. గేమ్ సర్వర్ ఒక్కటే కారణమై కొత్తగా కొనాలంటే, ఎక్కువమందికి మినీ పీసీయే లాభం.

ఏదీ కొనకముందు చేయదగ్గ పని ఒకటుంది. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే, బ్యాటరీ కాస్త నిలిచేదైతే చాలు, దాని మీద ఒక వారం సర్వర్ పెట్టి చూడొచ్చు. బ్యాటరీ ఉంది కాబట్టి యూపీఎస్ దాంట్లోనే ఉన్నట్టు. ఆ వారంలో కరెంటు ఎన్నిసార్లు పోయింది, నెట్ దాంతోపాటే పోయిందా, రూటర్ పేజీలో అడ్రస్ 100తో మొదలైందా, రాత్రి తొమ్మిదికి నిజంగా ఎంతమంది వచ్చారు అన్నవి రాసి పెట్టుకోవాలి. మూడో రోజుకే ఇద్దరు మిగిలితే పాత పై 4 కూడా ఎక్కువే. ఆరుగురూ రోజూ వస్తూ, కరెంటు పోయినప్పుడల్లా రూటర్ ఆరిపోతుంటే, మొదట కొనాల్సింది రూటర్‌కు యూపీఎస్.